మొగలులది కాని మొగల్‌మారి

ఖరగ్‌పూర్ పొరుగున ఒక ఇటుక దిబ్బ, క్రీట్ దీవిలో కాంక్రీటు రాజమహలు, ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఒక తామ్లూక్ మట్టిబొమ్మ

ఖరగ్‌పూర్‌లో చూడటానికి ఏముందని అడిగితే ఎవరైనా ముందు చెప్పేది ప్లాట్‌ఫారం గురించే. 1,072.5 మీటర్ల పొడవుతో అది చాలాకాలం ప్రపంచంలోకెల్లా పెద్దదిగా పేరు మోసింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని వెనక్కి నెట్టేశాయి. ఊరివాళ్లు మాత్రం ఆ సంగతి విననట్టే ఉంటారు. "పేట్‌ఫారం సూసీసేరు, ఐఐటీ సూసీసేరు. ఇంకేటుంది బాబూ ఇక్కడ?" అని తేల్చేశారు నింపురాలో కలిసిన ఓ రిటైర్డ్ ఫిట్టర్. ఆయన తాత పాలకొండ వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో ఖలాసీగా చేరారు. తండ్రిదీ, ఆయనదీ అదే వర్క్‌షాపు. ఆయన తెలుగులో శ్రీకాకుళం యాస చెక్కుచెదరలేదు గానీ, మూడో మాటకల్లా హిందీ, అయిదో మాటకల్లా బెంగాలీ దొర్లుతాయి.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఖరగ్‌పూర్ రైలు కన్న ఊరు. 1900 ఏప్రిల్‌లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన తెరుచుకోవడంతో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే హౌరాను అందుకుంది. ఇటు నాగ్‌పూర్‌కు, అటు కోస్తా వెంబడి వాల్తేరుకు వెళ్లే దారులు చీలే చోట ఎర్రమొరం నేల మీద పెద్ద వర్క్‌షాపు, దాని చుట్టూ గీత గీసినట్టు సెటిల్‌మెంట్లు లేచాయి. కోస్తా లైను కొసన ఉన్న శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి జనం పనికోసం ఆ రైలే ఎక్కి వచ్చారు. 1920ల చివర బీఎన్ఆర్ కార్మికుల సమ్మెను నడిపిన వి.వి. గిరి, బరంపురంలో పుట్టిన తెలుగువాడే. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చినప్పుడు అందరి నోటా వినిపించిన ఊరు ఖరగ్‌పూర్. అసెంబ్లీ ఎన్నికలు కొద్ది నెలల్లో ఉండగా ఆ నిర్ణయం రావడాన్ని ఇక్కడి తెలుగువాళ్లెవరూ యాదృచ్ఛికమని అనుకోలేదు. ఇచ్చింది మాత్రం పుచ్చుకున్నారు.

ఇలాంటి ఊళ్లో పురాతన శిల్పం గురించి మాట్లాడితే నవ్వుతారు. కానీ ఊరు దాటి, దక్షిణంగా ఒడిశా వైపు వెళ్లే హైవే మీద యాభై కిలోమీటర్ల లోపే, పశ్చిమ మేదినీపూర్ జిల్లా దాంతన్ చేరేలోగా, మొగల్‌మారి అనే పల్లె ఉంది. రైల్లో వెళ్లేవాళ్లకు నెకుర్‌సేని స్టేషన్ దగ్గర. అదే హైవే నెంబర్ 16 పట్టుకుని అలాగే పోతే ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం వస్తాయి. కోరమాండల్‌లోనో, మరో మెయిల్‌లోనో కలకత్తా వెళ్లిన తెలుగువాళ్లు లక్షలమంది ఈ దిబ్బకు కూతవేటు దూరంలో నిద్రపోతూ దాటిపోయి ఉంటారు.

ఫిట్టర్ గారు కూడా వస్తానన్నారు. అరవై ఏళ్లు పైబడ్డాయి, ఎప్పుడూ చూడలేదట.

హైవే దిగి కాస్త లోపలికి నడిస్తే ఊరి మధ్యలో ఎత్తయిన మట్టిదిబ్బ. మన పల్లెల్లో పాటిదిబ్బ అంటామే, సరిగ్గా అలాంటిది. బెంగాలీలో 'ఢిబి'. సఖిసోనా ఢిబి అని ఊరివాళ్లు పిలుచుకునేవారు. సఖిసోనా అనే రాజకుమార్తె, అహిమాణిక్ అనే యువకుడు ఇక్కడి పాఠశాలలో కలిసి చదువుకుని ప్రేమించుకున్నారని జానపద కథ. ఊరి పేరుకు మాత్రం వేరే కథ చెబుతారు. 1575 మార్చిలో అక్బర్ సేనలకు, బెంగాల్ సుల్తాన్ దావూద్ ఖాన్ కర్రానీకి తుకారోయి దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. ఆ చోటు ఇక్కడికి దగ్గరే. మొగలులు చచ్చిన చోటు కనుక మొగల్‌మారి అని కొందరు, మొగలులు నడిచిన దారి కనుక ఆ పేరని కొందరు చెబుతారు. పాఠశాల కథా, యుద్ధం కథా రెండూ వినడానికి బాగానే ఉన్నాయి. దిబ్బ కింద ఏముందో మాత్రం ఎవరూ చూడలేదు. ఇటుకలు బయటపడితే ఇళ్లకు వాడుకున్నారు. దిబ్బ నెత్తిన ఊరి యువజన సంఘం తన భవనం, గ్రంథాలయం కట్టుకుంది.

కలకత్తా విశ్వవిద్యాలయం పురావస్తు శాఖకు చెందిన ప్రొఫెసర్ అశోక్ దత్తా 1999లో సువర్ణరేఖ నదీలోయలో సర్వే చేస్తూ, స్థానిక ఉపాధ్యాయుడు ఒకరి సూచన మీద ఇక్కడికి వచ్చారు. 2003-04లో తవ్వకం మొదలైంది. డబ్బు, అనుమతి దొరికిన సీజన్లలో దాదాపు దశాబ్దం పాటు సాగింది. 2012లో దత్తా చనిపోయారు. మరుసటేడు రాష్ట్ర పురావస్తు శాఖ పని అందుకుంది. బయటపడింది పెద్ద బౌద్ధ విహారం. నేటి అంచనాల ప్రకారం సుమారు 6వ శతాబ్దం నుంచి 12వ శతాబ్దం దాకా, మధ్యలో కూలుతూ మళ్లీ లేస్తూ నడిచింది.

చూడగానే నోరు తెరిపించే కట్టడం కాదిది. నలందా చూసి వచ్చినవాళ్లకు చిన్నగా కనిపిస్తుంది. కాస్త నిలబడి చూడాలి. గోడలు నున్నగా పోవు. ముందుకొకసారి, వెనక్కొకసారి మడతలు పడుతూ నడుస్తాయి. ప్రతి మడతలోనూ ఒక గూడు, ఆ గూటిలో ఒకప్పుడు ఒక బొమ్మ. గుడి చుట్టూ ప్రదక్షిణ దారి, దానికి అవతల భిక్షువుల గదులు. ఒక దశ కట్టడం మీదనే తర్వాతి దశ కట్టేశారు. పాత గోడను పడగొట్టకుండా దాని ముందు కొత్త గోడ నిలబెట్టిన చోట్లు కూడా ఉన్నాయి. ఇటుకల్లోనే నలభైకి పైగా రకాలు. కొన్నిటికి తామర రేకులు, కొన్నిటికి రంపపు పళ్లు, కొన్ని అర్ధచంద్రాలు. ఇవన్నీ కాల్చిన తర్వాత చెక్కినవా, ముందే అచ్చు పోసినవా అని ఫిట్టర్ గారు వంగి వంగి చూశారు. వర్క్‌షాపు మనిషి కదా, ఆయనకు బోధిసత్వుల కంటే ఇటుక అంచు మీదే ఆసక్తి. "రెండూ ఉన్నాయి బాబూ. ఇదిగో, దీనికి ఉలి గాటు అగుపడతంది" అన్నారు.

గోడల మీద గార బొమ్మలు తేలాయి. ఈ ప్రాంతంలో మంచి శిల్పశిల లేదు. అమరావతి శిల్పికి పల్నాటి సున్నపురాయి దొరికింది. ఇక్కడివాడికి దొరికింది మట్టి, ఇటుక, సున్నం. కనుక గోడ మీదే సున్నపు గారతో ఒళ్లు దిద్ది, ముఖం తీర్చి, రంగు పూశాడు. జంభలుడు అనే బొజ్జ కుబేరుడు, ఎగిరే గంధర్వులు, నాట్యం చేసే స్త్రీ పురుషులు, వరసగా తలలు. గార వానకు తట్టుకోదు. పదమూడు పద్నాలుగు వందల ఏళ్లు అవి నిలిచాయంటే దిబ్బ కూలి వాటిని కప్పేసినందువల్లే. తవ్వి వెలుగులోకి తేవడమే వాటికి ప్రమాదం. ఇప్పుడు పైన రేకుల కప్పు, చుట్టూ కంచె. 2016 జనవరిలో పదుల సంఖ్యలో చిన్న చిన్న కంచు విగ్రహాలు ఒక్కచోటే దొరికినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల జనం తిరణాలకు వచ్చినట్టు వచ్చారు.

అయితే మొగల్‌మారిలో అన్నిటికన్నా విలువైనవి కంచు బొమ్మలు కావు. బొటనవేలంత మట్టి ముద్రలు. వాటి మీది అరిగిన అక్షరాల్లో ఇది ఫలానా విహారమని రాసి ఉంది. మొదట ఒక పేరు చదివారు, పత్రికల్లో వచ్చింది. తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయానికే చెందిన రజత్ సన్యాల్ ముక్కలన్నీ కూర్చి చదివితే లెక్క మారింది. ఒకటి కాదు, రెండు విహారాలు: యజ్ఞపిండిక మహావిహారం, ముగలాయిక విహారం. 2022లో ఈ సంగతి బయటికి వచ్చింది. ఒకే ఆవరణలో ఒకే కాలంలో రెండు విహారాలు ఉండటం తూర్పు భారతంలో అరుదు.

ముగలాయిక. ఈ పేరు పైకి ఒకసారి అని చూడండి. అక్బర్ సేనాని ఇటు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఈ నేలకు ఆ పేరు ఉందన్నమాట. విహారం పోయింది, దాని మతం పోయింది, భిక్షువులు ఎవరో ఎవరికీ గుర్తు లేదు. పేరు మాత్రం జనం నాలుక మీద అరిగి అరిగి మిగిలి, అర్థం తెలియక పోయేసరికి చేతికందిన మొగలులను తెచ్చి అతికించుకుంది. ఇది నిరూపణ అయిన విషయం అనను. ధ్వని పోలిక ఒక్కటే రుజువు కాదు. కానీ యుద్ధం కథ కంటే ఇది నాకు నమ్మకంగా తోస్తుంది. ఇంకో సంగతీ ఉంది. జానపద కథలోని 'పాఠశాల' కూడా మరీ ఊహ కాదు. విహారమంటే చదువుకునే చోటే కదా.

ఇంత చిన్న ముద్ర ఎంత పని చేసిందో తెలియాలంటే, అలాంటి ముద్ర దొరకని చోటు ఏమైందో చూడాలి.

కోలాఘాట్ వంతెన తెరుచుకున్న 1900లోనే, దానికి నెల ముందు మార్చిలో, మధ్యధరా సముద్రంలోని క్రీట్ దీవిలో ఆర్థర్ ఎవాన్స్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి నాసస్ దగ్గర తవ్వకం మొదలుపెట్టారు. దిబ్బను అంతకు ముందే, 1878లో, మినోస్ కలోకైరినోస్ అనే స్థానిక వర్తకుడు కొంత తవ్వి చూశాడు. ఎవాన్స్ డబ్బున్నవాడు, నేలనే కొనేశారు. కింద బయటపడింది యూరప్‌లో అప్పటిదాకా ఎవరూ ఊహించని నాగరికత. క్రీస్తుపూర్వం 1900 ప్రాంతంలో లేచి, 1700 ప్రాంతంలో కూలి, మళ్లీ లేచి, 1450 ప్రాంతంలో చాలాచోట్ల తగలబడిన మహలులు. మధ్యలో సుమారు యాభై మీటర్ల పొడవు, పాతిక మీటర్ల వెడల్పు ఉన్న నడిమి ముంగిలి. దాని చుట్టూ వందల గదులు. మన మండువా లోగిళ్లలో లాగా లోపలి గదులకు వెలుగు పైనుంచి దిగేలా వదిలిన ఖాళీలు. మట్టి గొట్టాల నీటి ఏర్పాటు, మురుగు కాలవలు. కింద సన్నంగా, పైకి పోయేకొద్దీ లావయ్యే చెక్క స్తంభాలు. తడి సున్నం మీద వేసిన కుడ్యచిత్రాల్లో డాల్ఫిన్లు, ఎద్దు మీదుగా పల్టీలు కొట్టే కుర్రాళ్లు, కుచ్చుల పావడాలు కట్టిన స్త్రీలు. యుద్ధ దృశ్యాలు అరుదు.

ఆ జనం తమను తాము ఏమని పిలుచుకున్నారో తెలియదు. వాళ్ల లిపిని 'లీనియర్ ఏ' అంటారు. ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయారు. తర్వాత వచ్చిన గ్రీకుల 'లీనియర్ బి'ని 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించారు గానీ, అది వేరే భాష. ఈజిప్టువాళ్లు 'కెఫ్టియు' అని రాసింది వీళ్లనే అంటారు. 'మినోవన్లు' అన్న పేరు గ్రీకు పురాణంలోని మినోస్ రాజు నుంచి తెచ్చి ఎవాన్స్ స్థిరపరచిందే. సఖిసోనా కథ విని ఆ విహారంవాళ్లందరికీ 'సఖిసోనీయులు' అని పేరుపెట్టడం లాంటిది.

పేరుతో ఆగి ఉంటే బాగుండేది. ఎవాన్స్ మహలును తిరిగి కట్టారు. ఇందులో ఆయన్ను పూర్తిగా తప్పుపట్టలేం. చెక్క దూలాలు ఎప్పుడో కాలిపోయాయి, పుచ్చిపోయాయి. జిప్సం రాళ్లు వానకు కరుగుతాయి. పెద్ద మెట్లదారిని తవ్వుతూ పోతే పై అంతస్తు నెత్తిన పడే పరిస్థితి. ఏదో ఒక ఊతం పెట్టక తప్పదు. కానీ 1920లలో ఉక్కు కడ్డీల కాంక్రీటు చేతికొచ్చాక ఊతం కాస్తా భవనమైంది. అంతస్తులు లేచాయి, ఎర్రరంగు స్తంభాలు నిలిచాయి, వాటి వెనక గోడల మీద జిలియెరాన్ తండ్రీకొడుకులు పూర్తిచేసిన చిత్రాల నకళ్లు వెలిశాయి. నేడు క్రీట్ వెళ్లే యాత్రికుడు నాలుగు వేల ఏళ్ల నాటిదని ఫొటో తీసుకునేదాంట్లో ఎక్కువ భాగం నూరేళ్ల కిందటి సిమెంటు. ఆ సిమెంటు కూడా పాతబడి చిట్లుతోంది. ఇప్పుడు దానికీ సంరక్షణ కావాలి.

బొమ్మల సంగతి ఇంకా చిత్రం. నాసస్‌లో ఒక చిత్రపు ముక్కల్లో నీలిరంగు శరీరం, కుంకుమపువ్వు మొక్కలు కనిపించాయి. ఎవాన్స్ దాన్ని పువ్వులేరుతున్న కుర్రాడిగా పూర్తి చేయించారు. తోక ముక్క చూసిన తర్వాతి పండితులు అది కుర్రాడు కాదు, కోతి అని తేల్చారు. 'లిల్లీల రాకుమారుడు' అని పోస్టుకార్డుల మీదికెక్కిన ప్రసిద్ధ చిత్రం కూడా ఒకే మనిషిది కాదని, వేర్వేరు బొమ్మల ముక్కలు కలిపి చేసిందని చాలామంది అంటారు. కోతుల ప్రస్తావన వచ్చింది కనుక మనవాళ్లకు నచ్చే సంగతొకటి. క్రీట్‌కు ఉత్తరాన ఉన్న థీరా దీవిలో, అగ్నిపర్వతం పేలి బూడిద కింద భద్రంగా మిగిలిన అక్రోతిరి పట్టణంలో, ఒక గోడమీది కోతులు తోక ఎత్తి పట్టుకున్న తీరునుబట్టి మన కొండముచ్చులేనని 2019లో కొందరు పరిశోధకులు వాదించారు. అదే నిజమైతే ఆ చిత్రకారుడో, అతనికి చెప్పినవాడో సింధు ప్రాంతపు జంతువును చూసి ఉండాలి. ఈ మాట అనగలుగుతున్నామంటే ఆ గోడ అక్కడే ఉండబట్టి, ఎవరూ దానికి కుర్రాడి తల అతికించకపోబట్టి.

2025 జూలైలో యునెస్కో క్రీట్ మినోవన్ మహలులు ఆరింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాసస్ కాంక్రీటు కూడా అలా వారసత్వమైంది.

నాసస్‌లో జరిగింది అతి. పక్కనే ఉన్న సిక్లడీస్ దీవుల్లో జరిగింది దోపిడీ. మినోవన్ మహలులకు వెయ్యేళ్లకు పైగా ముందు, క్రీస్తుపూర్వం 3200 నుంచి 2000 దాకా, ఆ దీవులవాళ్లు పాలరాతితో చిన్న చిన్న స్త్రీ మూర్తులు చెక్కారు. చేతులు పొట్టమీద మడిచి, ముఖంలో ముక్కు తప్ప మరేమీ లేకుండా ఉంటాయి. కన్ను, నోరు ఒకప్పుడు రంగుతో దిద్దేవారు, ఆ రంగు చెరిగిపోయింది. చెరిగిపోయిన తర్వాతి నునుపే 20వ శతాబ్దపు కళాకారులకు, ధనవంతులకు నచ్చింది. 1950లు, 60లలో సమాధులను రాత్రిపూట తవ్వి బొమ్మలను అమ్మేశారు. ఇవాళ మ్యూజియాల్లో, ఇళ్లల్లో ఉన్నవాటిలో చాలావాటికి పుట్టిన ఊరు తెలియదు. ఆడవాళ్ల సమాధుల్లో పెట్టారా, మగవాళ్లవా, పిల్లలవా? నిలబెట్టారా, పడుకోబెట్టారా? దేవతా, బొమ్మా, పనిమనిషా? బొమ్మను ఎంత తిప్పి చూసినా అది చెప్పదు. చెప్పగలిగింది దాని చుట్టూ ఉన్న మన్ను. ఆ మన్నును పారపోశారు.

ఎవాన్స్ 1884 నుంచి 1908 దాకా ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియం అధిపతి. గ్రీసు బయట మినోవన్ వస్తువులు అత్యధికంగా ఉన్నది అక్కడే. అదే మ్యూజియంలో ఖరగ్‌పూర్‌కు డెబ్భై కిలోమీటర్ల దూరంలోని తామ్లూక్ నుంచి వెళ్లిన ఒక మట్టిబొమ్మ ఉంది. జానెడు ఎత్తు. సుమారు రెండు వేల ఏళ్ల కిందటిది. అచ్చులో పోసి కాల్చిన యక్షి. తలమీద భారీ అలంకరణ, దాన్లో గుచ్చిన పిన్నులు, చెవులకు పెద్ద పెద్ద కమ్మలు, మెడలో, నడుముకు పూసల వరసలు. ప్రాచీన భారత టెర్రకోట గురించి రాసే ప్రతివారూ దాని ఫొటో వేస్తారు. క్రీట్ నాగదేవతకూ దీనికీ పోలికలు చెప్పి, ఇద్దర్నీ 'మాతృదేవత' అన్న ఒకే గూట్లో పెట్టేవాళ్లూ ఉన్నారు. నాకది తొందరపాటుగా కనిపిస్తుంది. ఎక్కడ దొరికిందో ఊరి పేరు తప్ప ఏ పొరలో, ఏ ఇంట్లో, ఏ వస్తువుల మధ్య దొరికిందో తెలియని బొమ్మకు ఏ పేరైనా నప్పుతుంది.

తెలుగువాళ్లకు ఈ బాధ కొత్త కాదు. 1797 ప్రాంతంలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు మనుషులు అమరావతిలో ఇటుకల కోసం దిబ్బ తవ్వారు. 1798లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1859లో ఫలకాలు ఓడెక్కి లండన్ చేరాయి. కొన్ని మద్రాసులో ఆగాయి. స్తూపం ఉండాల్సిన చోట పచ్చిక మిగిలింది. తేడా ఏమిటంటే, మెకంజీ బొమ్మలు గీయించాడు కనుక ఏ ఫలకం ఎక్కడిదో ఎంతో కొంత తెలుసు. బెంగాల్ మట్టిబొమ్మలకు ఆ అదృష్టం కూడా లేదు. చంద్రకేతుగఢ్, తామ్లూక్ వైపు నుంచి పోయినవెన్నో లెక్కలేదు. 2024 సెప్టెంబర్‌లో అమెరికా 297 పురాతన వస్తువులు తిరిగి అప్పగించింది. అందులో ఎక్కువ భాగం తూర్పు భారతపు టెర్రకోటలేనని మన ప్రభుత్వమే చెప్పింది. వస్తువులు తిరిగొచ్చాయి, మంచిదే. అవి ఏ గోతిలోంచి లేచాయో ఆ గోయి తిరిగిరాదు.

మొగల్‌మారి నుంచి వస్తూ దాంతన్ పేరు గురించి ఫిట్టర్ గారితో మాట కలిసింది. బుద్ధుని దంతధాతువును ఉంచిన కళింగ రాజధాని దంతపురం ఇదేనని కొందరి వాదన. కాదు, మా జిల్లాలోని దంతవక్త్రుని కోటే దంతపురమని శ్రీకాకుళంవాళ్లు చెబుతారు. ఒడిశాలోని పాలూరుకూ, పూరీకీ కూడా ఈ పోటీలో వాటా ఉంది. పెద్దాయన తడుముకోకుండా తీర్పు చెప్పేశారు: "మా కోటే బాబూ. మా అమ్మమ్మోళ్లది అటే." పాలి గ్రంథం 'దాఠావంశం' ప్రకారం గుహశివుడనే రాజు శత్రువుల భయంతో ఆ దంతాన్ని కూతురు హేమమాలకు, అల్లుడు దంతకుమారుడికి ఇచ్చి పంపించేశాడు. హేమమాల దాన్ని కొప్పులో దాచుకుని తామ్రలిప్తి రేవులో ఓడెక్కి సింహళం చేరింది. నేడు కాండీలో పూజలందుకుంటున్న దంతం అదేనంటారు. ఏ దంతపురమైనా కానివ్వండి, ఎక్కిన రేవు విషయంలో మాత్రం తగాదా లేదు. తామ్రలిప్తి అంటే తామ్లూక్.

ఖరగ్‌పూర్ నుంచి పాన్స్కురా దాకా హౌరా లోకల్, అక్కడ హల్దియా లైను మారితే తామ్లూక్. తూర్పు మేదినీపూర్ జిల్లా కేంద్రం. సముద్రం లేదు, ఓడ లేదు. రూప్‌నారాయణ్ బురదనీరు, అటు ఇటు ఇటుక బట్టీలు. 5వ శతాబ్దం మొదట్లో ఫాహియాన్ ఇక్కడ రెండేళ్లు ఉండి, సూత్రాలు రాసుకుంటూ, విగ్రహాల బొమ్మలు గీసుకుంటూ గడిపి, వర్తకుల ఓడలో సింహళం వెళ్లాడు. 673లో ఇత్సింగ్ దిగింది ఇక్కడే. తర్వాత రేవు పూడిపోయింది. 1942లో క్విట్ ఇండియా రోజుల్లో మాతంగినీ హజ్రా జెండా పట్టుకుని తుపాకీ గుళ్లకు ఒరిగింది కూడా ఈ ఊళ్లోనే. ఆ తర్వాత రెండేళ్లపాటు 'తామ్రలిప్త జాతీయ సర్కారు' పేరిట సమాంతర ప్రభుత్వమే నడిచింది. రాజనీతిశాస్త్రం చదివినవాడిగా నాకు ఆ సర్కారు మీదే ఎక్కువ ఆసక్తి ఉండాలి. కానీ ఆ రోజు నా కళ్లు నేల మీదే ఉన్నాయి.

కేంద్ర పురావస్తు శాఖ 1954-55లో ఇక్కడ తవ్వింది. కొత్తరాతియుగం నాటి పనిముట్ల నుంచి గుప్తుల కాలం దాటేదాకా జనం బతికిన ఆనవాళ్లు ఒకదాని మీద ఒకటి పొరలుగా దొరికాయి. తవ్వింది కొద్ది మేరే. మిగతా తామ్రలిప్తి మీద తామ్లూక్ కాపురం చేస్తోంది. మొగల్‌మారిలో దిబ్బ మీద ఒక క్లబ్బు భవనం ఉంటేనే తవ్వేవాళ్లు కిందామీదా పడ్డారు. ఇక్కడ బజార్లు, బళ్లు, కోర్టులు, బర్గభీమ అమ్మవారి గుడి, మేడలు. ఎవరిని లేవమంటారు? ఊళ్లోని చిన్న మ్యూజియంలో పెట్టిన మట్టిబొమ్మలు ఆక్స్‌ఫర్డ్ యక్షికి చుట్టాలే. విరిగినవి, అరిగినవి, ముక్కు లేనివి. ఎవరూ పోస్టుకార్డులు వేయరు. అయినా ఇవి దొరికిన ఊళ్లోనే ఉన్నాయి.

మొగల్‌మారివాళ్లు చేసిన పని చూసి ఉండటంవల్ల కాబోలు, ఇక్కడివాళ్లను కూడా అదే ప్రశ్న అడిగాను: పునాదులు తవ్వేటప్పుడు ఏమైనా దొరికితే ఎవరికి చెబుతారు? మొగల్‌మారిలో ఊరి కుర్రాళ్లే దిబ్బకు కాపలా కాశారు, వచ్చినవాళ్లకు తిప్పి చూపించారు, దొరికినవాటికి ఒక గదిలో చోటిచ్చారు. వాళ్ల దిబ్బ మీద ఎవరి ఇల్లూ లేదు, అది వాళ్లకు కలిసొచ్చింది. తామ్లూక్‌లో పరిస్థితి వేరు. టీకొట్టు దగ్గర పరిచయమైన మేస్త్రీ ఒకాయన మొహమాటం లేకుండా చెప్పాడు. గవర్నమెంటుకు చెబితే పని ఆగిపోతుంది, సొంతదారు బ్యాంకు వడ్డీ కడుతూ కూర్చోవాలి, అందుకని ఎవరూ చెప్పరు. పెంకులైతే మళ్లీ గోతిలోనే వేసి కప్పేస్తారు. బొమ్మయితే ఎవరో ఒకరు ఇంటికి తీసుకుపోతారు. తను మాత్రం ఒకటి ఉంచుకున్నాడట. లోపలికెళ్లి పాత చేతిరుమాల్లో చుట్టింది తెచ్చి చూపించాడు. అరచేతిలో సగం కూడా లేదు. నడుము దగ్గర విరిగిన స్త్రీ మూర్తి, మెడలో మూడు వరసల పూసలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. అది ఏ గోతిలో దొరికిందని అడిగాను. అతను వేలు చూపించిన చోట రెండంతస్తుల మేడ ఉంది, కింద మెడికల్ షాపు.